మూడో గదిలో బుల్లిబాబు గారు

ఆదివారం పొద్దున్నే బుల్లిబాబు గారు వరండాలో కూర్చుని లోకాన్ని తీసిపారేస్తున్నారు. అది ఆయనకు రోజూ ఉన్న పనే. ముందు పేపరును తీసిపారేశారు, అందులో రాసేవాళ్లకు తెలుగు రాదని. తరవాత ఎదురింటాయన నడకను తీసిపారేశారు, ఆ వేగంతో నడిస్తే ఉన్న కొవ్వు కరగడం అటుంచి కొత్తది చేరుతుందని. కరీంనగర్ రోడ్డు మీద హారన్లు మోగిస్తూ పోయే లారీలు, మొక్కలకు పోయాల్సిన నీళ్లు సగం రోడ్డుకే పోస్తున్న వాచ్‌మన్, పక్కవాళ్ల మేడ మీద ఆరేసిన దుప్పట్ల రంగు, ఏవీ తప్పించుకోలేదు. చివరికి భార్య తెచ్చిన కాఫీ వంతు వచ్చింది.

"కాఫీ అంటే కాకినాడలో తాగాం. ఇది వేడినీళ్లకి రంగేసినట్టుంది."

"పొడి అదే, పాలు అవే, కలిపే చెయ్యీ అదే. మారింది మీ నోరు," అంది సుందరి. ఆవిడ పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఆయనకు పెళ్లైన కొత్తలోనే పోయింది. "అబ్బాయి పదింటికి వస్తాడు. వచ్చినవాడితో కాస్త మనిషిలా మాట్లాడండి."

"మనిషైతే మనిషిలానే మాట్లాడతాను."

బుల్లిబాబు గారు కాకినాడలో పాలిటెక్నిక్ కుర్రాళ్లకు ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఒక్కగానొక్క కూతురు శ్రీదివ్యకు సికింద్రాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం రావడంతో, శామీర్‌పేట దగ్గర కొత్తగా లేచిన ఈ కాలనీలో ఇల్లు తీసుకుని ముగ్గురూ ఉంటున్నారు. నెల క్రితం ఆ కూతురు భోజనాల దగ్గర పెరుగు వడ్డించుకుంటూ, తనకు ఆకాశ్ అనే అబ్బాయి ఇష్టమని చెప్పింది. కాలేజీలో ఒకే క్లాసట. ఊరు ఇక్కడే, అలియాబాద్. తండ్రి పరమేశ్ శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు, తల్లి బాలనర్సమ్మ వాటిని అమ్ముతుంది. అబ్బాయి కౌకూర్‌లో ఓ గది అద్దెకు తీసుకుని, స్నేహితులతో కలిసి వీడియో గేములు తయారు చేస్తాడు.

ఇందులో ఏది ఎక్కువ అవమానమో తేల్చుకోవడానికే బుల్లిబాబు గారికి వారం పట్టింది. చేపలా, గేములా? చివరికి గేములే అని తేల్చారు. చేపలు పట్టేవాడు సాయంత్రానికి కనీసం చేపైనా తెస్తాడు.

శ్రీదివ్య మాత్రం వెనక్కి తగ్గలేదు. "చూసి కాదనండి నాన్నా, వింటాను. చూడకుండా కాదంటే మాత్రం వినను," అంది. చూడకుండా తండ్రి కాదన్నా పెళ్లి ఆగదనీ, ఆ పెళ్లిలో తండ్రి ఉండడనీ, ఆ తరవాత తాను ఈ ఇంట్లో ఉండననీ తల్లితో చెప్పింది. ఆ మాట తల్లి ద్వారా ఆయన చెవిన పడింది. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. పొద్దున్నే లేచి, సరే, రమ్మనండి, అన్నారు. రమ్మన్నారే గానీ, వచ్చినవాణ్ని ఎలా సాగనంపాలో కూడా ఆ రోజే ఆలోచించి పెట్టుకున్నారు. వాడి గేము వాడిచేతే తెప్పించాలి. దాన్ని పది నిమిషాల్లో ముగించాలి. "ఇదేనా నువ్వు చేసే పని?" అని అడగాలి. టీ ఇచ్చి పంపెయ్యాలి. కూతురు కళ్లు అవే తెరుచుకుంటాయి.

అబ్బాయి పదింటికే వచ్చాడు. ఆలస్యంగా వస్తే అనడానికి ఓ మాట దాచుకున్న బుల్లిబాబు గారికి అది వృథా అయింది. సన్నగా, నల్లగా, భుజాన ల్యాప్‌టాప్ సంచితో ఉన్నాడు. బూట్లు బయట విప్పి, "నమస్తే సార్, నమస్తే ఆంటీ," అని సోఫా అంచున కూర్చున్నాడు.

"ఏం చేస్తుంటావు?" తెలిసిన సంగతే అడగడం ఆయనకు క్లాసులో పట్టిన అలవాటు.

"గేములు జేస్తం సార్."

"అంటే, పిల్లలు ఆడుకునేవి."

"పెద్దోల్లు గూడ ఆడ్తరు సార్."

"పెద్దవాళ్లు ఆడకూడనివి చాలా ఆడుతున్నార్లే ఈ రోజుల్లో. ఏదీ, తెచ్చావా? పెట్టు చూద్దాం. పది నిమిషాలు చాలనుకుంటా."

ఆకాశ్ ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి, రెండు చేతులా పట్టుకునే కంట్రోలర్ ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది మొదటి గుహ సార్. ఆట ఎట్ల ఆడాల్నో ఈ గుహే నేర్పిస్తది. మేమైతే మధ్యల ఒక్క మాట చెప్పం. మేం చెప్తె, గుహ మంచిగ నేర్పుతాందో లేదో మాకెట్ల తెలుస్తది?"

"గుహ నేర్పుతుందా!" బుల్లిబాబు గారు భార్య వైపు తిరిగారు. "విన్నావటే? ముప్పయ్యేళ్లు నేను బోర్డు మీద రాసి, గొంతు చించుకుని చెప్తేనే సగం మందికి ఎక్కలేదు. వీళ్ల గుహ నోరు మెదపకుండా నేర్పేస్తుందట."

టీవీలో చీకటి గుహ ఒకటి తెరుచుకుంది. చేతిలో దీపం పట్టుకుని ఓ చిన్న పిల్ల నిలబడి ఉంది. బుల్లిబాబు గారు కంట్రోలర్‌ను కాసేపు కుక్కర్ మూతలా అటూ ఇటూ తిప్పి, కుడి బొటనవేలు కింది బటన్ నొక్కితే పిల్ల దూకుతుందని కనిపెట్టారు. మొదటి గదిలో నేల చీలి ఉంది. దూకించారు. రెండో గదిలో గట్టు ఎత్తుగా ఉంది, పక్కన పెద్ద కుండ ఉంది. కుండను గట్టు దగ్గరకు తోసి, దాని మీదికి ఎక్కించారు.

"అంతేనా? దీనికేనా ఇంజినీరింగు?" అన్నారు. శ్రీదివ్య పళ్లు బిగించుకుంది.

మూడో గది వచ్చింది. గది మధ్యలో ఓ ద్వారబంధం, దాని కింద అడ్డంగా పసుపు రాసిన రాయి, దాని మీద వరసగా కుంకుమ బొట్లు. అవతల గది చివర మూసి ఉన్న రాతి తలుపు. బుల్లిబాబు గారు పిల్లను ద్వారబంధం దాకా నడిపించి, బటన్ నొక్కి అవతలికి దూకించి, తలుపు దగ్గర నిలబెట్టారు. తలుపు తెరుచుకోలేదు. తోయించారు. ఊహూఁ. దీపం ఎత్తించి గోడలన్నీ వెతికించారు. వెనక్కి వచ్చేటప్పుడు ద్వారబంధం దగ్గర మళ్లీ దూకించారు. ఇవతలి గోడలు వెతికి, మళ్లీ దూకించి అవతలికి పోయారు.

గుహ కప్పు మీంచి గబ్బిలాలు ఎగిరాయి. బుల్లిబాబు గారు ముందుకు వంగి కళ్లజోడు సర్దుకున్నారు. "ఆఁ. అర్థమైంది. ఈ గోడలో రాళ్ల వరసలు చూడు, ఒక్కో వరసకి రెండేసి పెరుగుతున్నాయి. అంకశ్రేఢి ఇది. నాతోనా వీళ్ల తెలివి!"

రాళ్లు లెక్కపెట్టారు. లెక్క ప్రకారం ఏడో రాయి దగ్గర పిల్లను నిలబెట్టారు. పిల్ల దీపం పట్టుకుని అమాయకంగా నిలబడింది. తలుపు మాత్రం పలకలేదు.

సుందరి పెసరట్లు తెచ్చిపెట్టింది. అవి చల్లారిపోయాయి. అనుకున్న పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. శ్రీదివ్య ఏదో చెప్పబోయి ఆకాశ్ వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ చూపులు బుల్లిబాబు గారి కంట పడ్డాయి. ఇద్దరూ తనను చూసి లోపల్లోపల నవ్వుకుంటున్నారని ఆయనకు అనిపించింది. ఇన్నేళ్లుగా నల్లబల్ల ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డ కుర్రాళ్లను ఆయనెలా చూసేవారో, ఈ కుర్రాడు ఇప్పుడు తనను అలా చూస్తున్నాడు. ఒళ్లు మండిపోయింది.

"నీ గుహ పాడైపోయింది," అని కంట్రోలర్ టీపాయ్ మీద పడేశారు.

"పాడు గాలే సార్. నడుస్తాంది."

"అయితే ఎలాగో చెప్పు."

"చెప్పరాదు సార్. చెప్తె మీరు ఆడినట్టు గాదు."

"చెప్పరాదా? చెప్పడానికి అక్కడేమైనా ఉంటే కదయ్యా!" బుల్లిబాబు గారు లేచి నిలబడ్డారు. "తలుపు తెరుచుకోని గుహ ఒకటి కట్టి, అది పట్టుకుని నా కూతుర్ని అడగడానికి వచ్చావా? మీ అమ్మ రోడ్డు పక్కన కూర్చుని చేపల పొలుసు గీకుతుంటే, నువ్వు గదిలో కూర్చుని బొమ్మల పెళ్లి చేస్తున్నావా? ఆవిడకి మాత్రం ఏం తెలుస్తుందిలే, చేపలు తూచడం తప్ప. ఓ పద్ధతా, ఓ సంస్కారమా ఉన్న ఇల్లైతే కొడుక్కి బుద్ధి చెప్పేవాళ్లు. అలాంటి మనుషులతో నేను వియ్యమందాలా? నలుగురిలో ఆవిణ్ని నా పక్కన కూర్చోబెట్టుకోవాలా?"

"నాన్నా!"

"ఏవండీ, ఏంటా మాటలు!" అంది సుందరి.

ఆకాశ్ మొహం గట్టిపడింది. మెల్లగా లేచి, టీవీ వెనక తీగ కోసం చెయ్యి పెట్టాడు. "నన్ను ఏమన్నా అనున్రి సార్. నేను మీ ముంగటికి వచ్చినోన్ని. అమ్మ రాలే గదా. ఆమెను ఎందుకంటరు?"

"పద ఆకాశ్," అంది శ్రీదివ్య. "నేనూ వస్తున్నా. అమ్మా, నా బట్టలు తరవాత తీసుకెళ్తాను. చూసి చెప్పమన్నాను, ఈయన చూడనేలేదు. ఈయనకు ఎవరూ కనపడరు."

పో, అందామనుకున్నారు బుల్లిబాబు గారు. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. కూతురు నిజంగానే హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుంటోంది.

సంచి సర్దుకుని బయల్దేరిన ఆకాశ్ గుమ్మం దగ్గర ఆగాడు. "పోయేముందు ఒక్కటి అడుగుత సార్. కోపం జెయ్యకున్రి. ఆడినోల్లందర్ని ఆఖరుకు ఒక ముచ్చట అడుగుడు మా రివాజు. గా రాయి మీద మీరు కాలెందుకు పెట్టలే?"

"ఏ రాయి?"

"గా పసుపు రాసిన రాయి సార్. దాని మీద కాలు పడితె తలుపు తెరుసుకుంటది. ఆడినోల్లందరు సూసుకోకుంటనే తొక్కుకుంట పోయిన్రు. మీరేమో పోయినప్పుడల్ల దుంకిన్రు, వచ్చినప్పుడల్ల దుంకిన్రు."

తాను దూకిస్తున్నట్టు బుల్లిబాబు గారికి అప్పటిదాకా తెలియనే తెలియదు. తెలిసింది కాబట్టి కోపం ఇంకా ఎక్కువైంది. "రాయేంటయ్యా రాయి! అది గడప! పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంటే దాని మీద కాలు పెట్టి నిలబడతారా ఎవరైనా? చిన్నప్పుడు ఒక్కసారి నిలబడ్డానని మా అమ్మ వీపు చిట్లగొట్టింది. నీకు ఇంట్లో ఎవరూ నేర్పలేదా?"

ఆకాశ్ గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. సంచి కింద పెట్టి, సోఫాలో కూలబడినట్టు కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేర్పిన్రు సార్. అమ్మనే నేర్పింది."

"మరి?"

"రంగులేసే పిలగాడు సక్కదనానికని పసుపు పెట్టిండు. మా అందరికి అది ఒట్టి రాయే. పోయిన వారం అమ్మను కూసోవెట్టి ఆడిపిచ్చిన. మీ లెక్కనే, పోయినప్పుడల్ల దుంకిచ్చింది, వచ్చినప్పుడల్ల దుంకిచ్చింది. పొద్దంత కూసున్నది పాపం. నా దోస్తులు నవ్విన్రు. నాకు సిగ్గయింది సార్. ఆమె చేతులకెల్లి కంట్రోలర్ గుంజుకొని, నీకు సమజ్ గాదు, నువ్వు పో అన్న. చేపలమ్మెటామె, ఆటలు ఎన్నడు సూడలే, ఆమెను లెక్కల పట్టకున్రని దోస్తులకు జెప్పిన." అతను చేత్తో మొహం తుడుచుకున్నాడు. "అందర్ని అడుగుత గని, ఆమెను మాత్రం ఎందుకు దుంకినవని అడగలే."

బుల్లిబాబు గారు అతని వైపే చూస్తున్నారు. చేపలమ్మే ఆవిడకి ఏం తెలుస్తుంది. ఇదే మాట ఇందాక తనూ అన్నారు. కాకపోతే తాను ముక్కూ మొహం తెలియని మనిషిని అన్నారు. వీడు కన్నతల్లిని అన్నాడు.

"అంటే నన్నూ అలాగే అనుకున్నావా? ఈ ముసలాయనకి బుర్ర లేదు, లెక్కలోంచి తీసెయ్యాలని?"

ఆకాశ్ తల దించుకున్నాడు. "అబద్ధమెందుకు సార్. అట్లనే అనుకున్న."

ఆ మాట బుల్లిబాబు గారికి చెంప మీద తగిలినట్టు తగిలింది. జీవితంలో ఆయన ఎంతమందిని లెక్కలోంచి తీసేశారో ఆయనకే గుర్తులేదు. తనను ఒకరు తీసేస్తే ఎలా ఉంటుందో మాత్రం ఇప్పుడే తెలిసింది. ఏమీ బాగాలేదు. కానీ ఓడిపోయినట్టు ఒప్పుకోవడం ఆయన ఒంట్లో లేదు. తప్పు తనది కాదు, గుహదని తేలాలి. అందుకు సాక్షి కావాలి.

"ఫోన్ చెయ్యి మీ అమ్మకి. ఆవిడేమంటుందో నేను వినాలి. నువ్వు కూడా కూర్చో," అన్నారు కూతురితో. శ్రీదివ్య బ్యాగు తీయలేదు గానీ, తల్లి పక్కన కూర్చుంది.

ఆకాశ్ స్పీకర్‌లో పెట్టాడు. అవతల బండ్ల చప్పుడు, బేరాల గోల.

"అమ్మా, సార్ ఇంట్లున్న. సార్ గూడ వింటున్నడు. ఒక్కటి చెప్పు. ఆ దినం ఆటల, గా పసుపు రాయి మీద నువ్వెందుకు నిలవడలే?"

"ఓ, గా ముచ్చటనా? గడప మీద ఎవలన్న నిలవడ్తరా బిడ్డా! ఇంట్లకు మంచిదేనా? ఆ పోరి చేతుల దీపం గూడ ఉండె. దీపం పట్టుకోని గడప తొక్కుతదా ఆడివిల్ల?"

"అదీ!" బుల్లిబాబు గారు ఎగిరి పడ్డారు. "అదేనమ్మా నేనూ చెప్తున్నాను. వీళ్లకి చెప్తే అర్థం కావట్లేదు!"

"సారా? నమస్తే సారూ. మీరు గూడ తొక్కలేదా?"

"ఎలా తొక్కుతానమ్మా!"

"అగో సూడు! నేనొక్కదాన్నే పిచ్చిదాన్ననుకున్న సారూ. ఈ పోరగాండ్లకు ఎవలు జెప్పాలె!"

"నా కూతురు కూడా తొక్కేసే ఉంటుంది. ఏమ్మా?"

శ్రీదివ్య తల దించుకుంది. "ఆటే కదా నాన్నా."

"విన్నావమ్మా? ఆటేనట!"

బాలనర్సమ్మ ఫోన్లో పకపకా నవ్వింది. బుల్లిబాబు గారు కూడా నవ్వారు. సుందరి ఆశ్చర్యంగా భర్త వైపు చూసింది. ఆయన ఒకరితో కలిసి నవ్వగా చూసి ఆవిడకి చాలా కాలమైంది. ఎవరినైనా చూసి నవ్వడమే ఆయనకు అలవాటు.

"అమ్మా," అన్నాడు ఆకాశ్, "తప్పు నీది గాదే. మాదే. ఆ దినం నేనన్నది మనసుల వెట్టుకోకు."

"నువ్వన్నది నేనెప్పుడో మరిసిన బిడ్డా." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "సారూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకున్రి. ఈ సంబంధం ఒద్దని పిలగానికి నేను గూడ జెప్పిన. మీరు పెద్ద సదువులోల్లు. మేం మీ కంటికి ఆనమనుకున్న. రేపు పొద్దుగాల మీ ఇంటికొస్తె, చాపల వాసనొస్తదని దూరం జరుగుతరనుకున్న. ఉన్నదున్నట్టు చెప్పున్రి సారూ. నేను అనుకున్నది తప్పేనా?"

ఇంతకుముందు ఇదే గదిలో, ఇదే గొంతుతో బుల్లిబాబు గారు అన్న మాటలు ఇంకా గాలిలోనే ఉన్నాయి. భార్య విన్నది. కూతురు విన్నది. ఆవిడ కొడుకు విన్నాడు. ముగ్గురూ ఆయన మొహం వైపే చూస్తున్నారు. వాళ్లలో ఎవరు నోరు విప్పినా అయిపోతుంది.

"తప్పేనమ్మా," అన్నారాయన. "నువ్వు తప్పుగా అనుకున్నావు, చెల్లెమ్మా. ఈ ఇంట్లో ఎవరూ అలా అనుకోలేదు."

పచ్చి అబద్ధం. ముప్పయ్యేళ్లు క్లాసులో అబద్ధమాడిన కుర్రాళ్లను నిలబెట్టి కడిగేసిన మనిషి. ఆకాశ్ ఆయన కళ్లలోకి సూటిగా చూశాడు. ఏమీ అనలేదు.

"గట్లనా అన్నా," అంది బాలనర్సమ్మ. 'సారూ' పోయి 'అన్నా' వచ్చింది. ఆవిడకి ఏడుపొస్తోందని గొంతులో తెలుస్తోంది. "సచ్చేదాంక ఈ మాట యాదికుంటది. నాది తప్పే అన్నా. మిమ్ములను సూడకుంటనే ఎంత మాట అనుకుంటిని. మాఫ్ జెయ్యున్రి."

ఫోన్ పెట్టేశాక బుల్లిబాబు గారు కళ్లజోడు తీశారు. తుడుచుకోవడానికని తీసి, తుడవడం మరిచిపోయి, చేతిలో పట్టుకునే కూర్చున్నారు. అన్నవాడు తను. క్షమించమన్నది ఆవిడ.

సుందరి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. శ్రీదివ్య భుజాన ఉన్న బ్యాగు తీసి పక్కన పెట్టింది.

"నేనన్నది మీ అమ్మకు చెప్పకు ఆకాశ్," అన్నారు చివరికి.

"చెప్ప సార్."

"నువ్వు చెప్పొద్దంటున్నాను గానీ, దాచమనడం లేదు. నా నోటితో నేనే చెప్పుకోవాలి. లేకపోతే ఆవిడ నన్ను అన్నా అన్నప్పుడల్లా నేను దొంగలా ఉంటాను." ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. "సాయంత్రం మీ ఇంటికి వస్తాను. నాకు దారి తెలియదు. తీసుకెళ్తావా?"